మొహమాటం ఖరీదు

(విజయవాడలో చిన్న పరిశ్రమల యజమానులు, వర్తకులు, యువ న్యాయవాదులు కూడిన సభలో చేసిన స్మారకోపన్యాసం. అచ్చు కోసం అక్కడక్కడ సరిచేసింది.)



ఎవరి జ్ఞాపకార్థం మనం ఇక్కడ కూడామో ఆయన్ని నేను ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా పేరుపెట్టి అనలేదు. సీనియర్ గారు అనే అన్నాను. ఇవాళ మైకు దొరికింది కదా అని కొత్తగా పేరు పలకబోతే నోరు తిరగదు. ఈ గంటసేపూ కూడా ఆయన సీనియర్ గారే. పొగడ్త మొదలవగానే కాఫీకని లేచి వెళ్లిపోయే మనిషి గనక ఆ భాగం దాటేసి పనిలోకి వస్తాను.

1987లో ఆయన దగ్గర జూనియర్‌గా చేరాను. మొదటి వారంలోనే ఆటోనగర్ నుంచి లారీ బాడీలు కట్టే ఆసామి ఒకాయన వచ్చాడు. చేతిసంచిలోంచి ప్లాస్టిక్ కవరు, కవరులోంచి నాలుగు మడతలు పెట్టిన ప్రోనోటు తీసి బల్ల మీద పరిచాడు. రెవెన్యూ స్టాంపు మీదుగా సంతకం, కింద ఇద్దరు సాక్షులు, ముత్యాల్లాంటి దస్తూరీ. నేను మెడ చాచి అంకె ఎంతో చూడబోయాను. సీనియర్ గారు కాగితం అందుకుంటూనే వెనక్కి తిప్పేశారు. వెనక తెల్లగా ఉంది.

"అసలేమీ ఇవ్వలేదా?"

"ఎందుకివ్వలేదండీ! రెండుసార్లు ఇచ్చాడు. ఓసారి మూడు వేలు, ఓసారి రెండు."

"మరి చెల్లు వేయించలేదేం?"

ఆసామి ఇబ్బందిగా నవ్వాడు. "మా తోడల్లుడండీ. ఇచ్చిన డబ్బు జేబులో పెట్టుకుని, ఇక్కడ రాసి సంతకం పెట్టవోయ్ అంటే ఏం బావుంటుంది?"

అప్పుడు ముందువైపు తిప్పి తేదీ చూశారు. వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టారు. మూడేళ్లు దాటి పందొమ్మిది రోజులు. నోటుకు కాలదోషం పట్టేసింది. ఆ ఇచ్చిన రెండుసార్లలో ఏ ఒక్కసారైనా, గడువు లోపల, బాకీదారు తన చేత్తో వెనక ఒక వరుస రాసి సంతకం చేసి ఉంటే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు వచ్చేవి. 1963 నాటి కాలపరిమితి చట్టం 19వ సెక్షన్‌లో ఉన్నది ఇంతే. అది చదువుకున్న నాకన్నా ఆ ఆసామికే బాగా తెలుసు. ఆయన జన్మలో ఎన్ని ప్రోనోట్లు రాయించుకున్నాడో! తెలియక పోయిన డబ్బు కాదది.

ఆ రోజు నుంచి నాకూ ఒక అలవాటు పట్టుకుంది. ఏ కాగితమైనా ముందు వెనక చూస్తాను. పెళ్లి శుభలేఖ వచ్చినా సరే, మా ఇంట్లో నవ్వుతారు.

నిర్వాహకులు నాకిచ్చిన విషయం చిన్న, మధ్యతరహా వ్యాపారాలకు చట్టం వైపు నుంచి వచ్చే ముప్పులు. ఆ పేరు వినగానే జీఎస్టీ, కార్మిక చట్టాలు, కాలుష్య నియంత్రణ మండలి, తూనికలు కొలతల శాఖ, ఇలా పెద్ద జాబితా వస్తుందని మీరు ఎదురుచూస్తుంటారు. ఆ జాబితా మీ ఆడిటర్ల దగ్గర నాకన్నా బాగా ఉంటుంది. పదిమంది చేరితే ఈఎస్ఐ, ఇరవై చేరితే పీఎఫ్ అని తెలిసి ఏళ్ల తరబడి పందొమ్మిది మంది దగ్గరే ఆగిపోయిన షెడ్లు మన ఊళ్లో నేను చూడనివి కావు. చట్టం తెలియక మునిగినవాళ్లు నా దగ్గరికి తక్కువే వచ్చారు. తెలిసీ అడగలేక మునిగినవాళ్లతోనే నా బీరువాలు నిండాయి. దానికి మన భాషలో ఒక మాటుంది. మొహమాటం. ఏ శాసనంలోనూ నిర్వచనం లేని ఆ మాట గురించే ఇవాళ చెబుతాను.

మీలో చాలామందికి తెలిసిన చట్టంతో మొదలుపెడతాను. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం, 2006. ఆ ఏడాది అక్టోబరు 2న అమల్లోకి వచ్చింది. సూక్ష్మ, చిన్న సంస్థ దగ్గర సరుకో సేవో తీసుకున్న కొనుగోలుదారు ఒప్పందం రాసుకుంటే అందులో ఉన్న తేదీకి, ఏం రాసుకున్నా 45 రోజులు దాటకుండా, ఒప్పందమే లేకపోతే 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. ఇవ్వకపోతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా అసలులో కలిపే చక్రవడ్డీ. బ్యాంకు రేటు 6 శాతం ఉందనుకోండి, 18 శాతం అన్నమాట. వడ్డీ అడగనని మీరు రాసిచ్చినా అది చెల్లదు. ఇంతకన్నా చిన్నవాడి పక్షాన నిలబడ్డ చట్టం మన దేశంలో మరొకటి ఉందా అంటే నాకు తట్టదు.

ఇక దాని వాడకం చూడండి. కొన్నేళ్ల కిందట ఒక కుర్రాడు వచ్చాడు. తండ్రి ఒక్క లేత్ మిషనుతో మొదలుపెట్టిన షెడ్డును సీఎన్‌సీ దాకా తెచ్చిన సమర్థుడు. ఒక పెద్ద కంపెనీకి షాఫ్టులు, బుష్‌లు చేసి పంపుతాడు. 14 లక్షల బాకీ, పదకొండు నెలలుగా. కొనుగోలు ఆర్డర్లు ఈమెయిల్లో ఉన్నాయి. ఇన్‌వాయిస్‌లు ఉన్నాయి, ఈ-వే బిల్లులు ఉన్నాయి. డెలివరీ చలాన్లు తియ్యమన్నాను. లావుపాటి ఫైలు తీశాడు. ఒక్కో చలాను మీద గేటు దగ్గరి సెక్యూరిటీ మనిషి గీసిన వంకర గీత. పేరు లేదు, ముద్ర లేదు, సగం వాటి మీద తేదీ కూడా లేదు.

"స్టోర్స్‌లో వేయించుకోవచ్చు కదయ్యా?"

"లంచ్ టైమంటారు సార్. మా ట్రాలీ ఆటో వాడు ఎంతసేపని ఆగుతాడు? గట్టిగా అడిగితే స్టోర్స్ ఇన్‌ఛార్జికి కోపం వస్తుంది. ఆయనతో పెట్టుకుంటే తరవాతి లాటు మొత్తం రిజెక్షన్లో పడేస్తాడు."

కుర్రాడు చెప్పింది నిజమే. నేను కాదనను. అయితే చట్టం చెప్పే 45 రోజులు ఎక్కణ్ణుంచి లెక్కపెట్టాలి? సరుకు అందిన రోజు నుంచి. కొనుగోలుదారు సరుకు బాగోలేదనాలంటే అందిన 15 రోజుల్లోగా రాతపూర్వకంగా అనాలి. అనకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. అంటే మీ హక్కంతా ఒక్క తేదీ మీద కూర్చుని ఉంది. ఆ తేదీ మీద ఒక పేరు, ఒక ముద్ర పడటానికి పట్టేది అరనిమిషం. ఆ అరనిమిషం అడగడానికి మొహమాటపడి, తరవాత ఆ డబ్బు కోసం నాలుగేళ్లు తిరిగాడు. సరుకులో లోపాలున్నాయని అవతలివాళ్లు ఆలస్యంగా మొదలుపెట్టిన వాదన కొట్టేయించడానికే రెండేళ్లు పట్టింది.

ఆ కుర్రాడి ఆర్డరు ప్రింటు తీయించి నా అలవాటు ప్రకారం వెనక్కి తిప్పాను. బూడిదరంగు సన్న అక్షరాల్లో ఇరవై మూడు షరతులు. తగాదా వస్తే గురుగ్రామ్ కోర్టుల్లోనే అని అందులో ఒకటి. మీరు చదివారా అంటే, "అంత చిన్నవి ఎవరు చదువుతారు సార్" అన్నాడు. ఇలాంటి షరతులో 'మాత్రమే' అన్న మాట లేకపోయినా అది మిమ్మల్ని కట్టేస్తుందని స్వస్తిక్ గ్యాసెస్ కేసులో 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. కుర్రాడి అదృష్టం కొద్దీ 2006 చట్టం 18వ సెక్షన్ అడ్డుపడింది. కొనుగోలుదారు దేశంలో ఏ మూల ఉన్నా, సరుకు అమ్మినవాడు ఉన్నచోటి ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కే విచారించే అధికారం ఉంది. కౌన్సిల్ తీర్పును కొనుగోలుదారు సవాలు చేయాలన్నా ముందు 75 శాతం సొమ్ము కట్టి రావాలి. 90 రోజుల్లో తేల్చాలని కూడా చట్టంలో రాసి ఉంది. ఆ తొంభై గురించి నేనిక్కడ మాట్లాడను, సభామర్యాద ఒకటుంది.

ఈ చట్టంలో మెలికలున్నాయి. మధ్యతరహా సంస్థలు పేరులోనే ఉన్నాయి, ఆలస్యపు బాకీల అధ్యాయంలో లేవు. అమ్మకందారు అంటే సూక్ష్మ, చిన్న సంస్థే. 2025 ఏప్రిల్ 1 నుంచి చిన్న సంస్థకు హద్దు 25 కోట్ల పెట్టుబడి, 100 కోట్ల టర్నోవరు దాకా పెంచారు గనక ఇక్కడున్న మీలో చాలామంది లోపలికే వస్తారు. కొని అమ్మే వర్తకులకు 2021 జులైలో ఈ చట్టం కింది ఉద్యమ్ నమోదుకు తలుపు తీశారు, కానీ అది బ్యాంకుల ప్రాధాన్య రుణాల వరకే. చేతిలో సర్టిఫికెట్ ఉంది కదా అని హోల్‌సేల్ వర్తకుడు కౌన్సిల్‌కి వెళ్తే వెనక్కి రావలసిందే. సరుకు సరఫరా అయ్యాక నమోదు చేయించుకుంటే పాత బాకీలకు వర్తించదని 2022లో మహాకాళి ఫుడ్స్ తీర్పులో సుప్రీంకోర్టు అంది. 2025 జనవరిలో మరో ధర్మాసనం ఆ అభిప్రాయం మళ్లీ ఆలోచించాలంటూ పెద్ద ధర్మాసనానికి పంపింది. అది తేలేదాకా ఆగే బదులు రేపు పొద్దున్నే నమోదు చేసుకోండి. ఖర్చు కూడా లేదు.

చట్టం ఇంత ఇచ్చినా, నా అనుభవంలో ఆ మూడురెట్ల వడ్డీని వ్యాపారం నడుస్తుండగా అడిగినవాణ్ని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వ్యాపారం తెగిపోయాకే అడుగుతారు. 2023 బడ్జెట్లో ఆదాయపు పన్ను చట్టానికి 43బి(హెచ్) అని ఒక కొత్త క్లాజు తగిలించారు. గడువులో చిన్న సంస్థకు డబ్బివ్వని కొనుగోలుదారుకు ఆ ఖర్చు ఆ ఏడాది లెక్కలో మినహాయింపు రాదు, ఇచ్చిన ఏడాదే వస్తుంది. ఢిల్లీలో కూర్చున్నవాళ్లు దీంతో చిన్నవాడికి మేలు జరుగుతుందనుకున్నారు. కొందరికి జరిగింది కూడా. 2024 మార్చి వచ్చేసరికి నా దగ్గరికి వచ్చినవాళ్లు మరో రకం. "మా పార్టీ ఉద్యమ్ నమోదు రద్దు చేసుకోమంటున్నాడండీ, లేకపోతే ఆర్డరు వేరేవాళ్లకిస్తానంటున్నాడు, రద్దు చెయ్యడం ఎలా?" హక్కు వదులుకోవడానికి వకీలు ఫీజు ఇచ్చిన కక్షిదారులను నేను అప్పుడే చూశాను. ఈ విషయంలో వాళ్లను తప్పుపట్టే ధైర్యం నాకు లేదు. ఒక్క కొనుగోలుదారు మీద బతికే షెడ్డుకు హక్కు కన్నా ఆర్డరు ముఖ్యం. చట్టం చేసినవాళ్లు ఈ భయాన్ని లెక్కలోకి తీసుకోలేదన్నదే నా ఫిర్యాదు.

ఇక కాలదోషం. అరువు మీద సరుకు అమ్మితే మూడేళ్లు. గడువు పెట్టి ఇచ్చి ఉంటే ఆ గడువు తీరిన రోజు నుంచి, పెట్టకపోతే సరుకు అందిన రోజు నుంచి. "మాది రన్నింగ్ ఖాతా అండీ, ఎప్పుడూ సాగుతూనే ఉంటుంది" అంటారు మనవాళ్లు ధీమాగా. మీరు సరుకు పంపడం, అతను డబ్బు పంపడం మాత్రమే జరిగితే అది చట్టం చెప్పే పరస్పర ఖాతా కాదు. అతనూ మీకు అమ్మాలి, రెండువైపులా బాకీలు పుట్టాలి. మన రన్నింగ్ ఖాతాల్లో తొంభై పాళ్లు ఒంటికాలి మీద పరిగెత్తేవే.

దీనికి మందు పాతకాలపు కోమటి దుకాణాల్లోనే ఉంది. ఏటా మార్చి 31కి ఖాతా నకలు పంపి, "ఈ నిల్వ సరియైనది" అని కింద సంతకం చేయించుకునేవాళ్లు. కాలపరిమితి చట్టం 18వ సెక్షన్ అడిగేదీ అదే, గడువు లోపల రాతపూర్వకంగా, సంతకంతో బాకీ ఒప్పుకోలు. "ఇస్తాలేవయ్యా, ఎక్కడికి పోతాను" అని ఫోన్లో వందసార్లు అన్నా అది ఒప్పుకోలు కాదు. మన పుస్తకంలో మనం రాసుకున్న పద్దు కూడా ఒక్కటే చాలదు. చిట్టా, ఆవర్జా క్రమంగా రాస్తే సాక్ష్యంలోకి వస్తాయి, కానీ వాటితోనే ఎదుటివాడి మీద బాకీ మోపలేరు. 1872 నాటి సాక్ష్య చట్టంలో ఇది ఉంది, 2024 జులై 1న దాని స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోనూ ఉంది. ఇప్పుడు అందరూ వాట్సాప్ చూపిస్తున్నారు. మంచిదే. అయితే ఆ సందేశాలు కోర్టులో నిలవాలంటే దానికో ధ్రువపత్రం కావాలి, ఏ ఫోనులోంచి ఎలా తీశారో చెప్పాలి. "ఆ ఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేశానండీ" అని ఒక ఐరన్ వ్యాపారి చెప్పినప్పుడు నాకు పాత లారీ బాడీ ఆసామే గుర్తొచ్చాడు. ఈయన మూడు లక్షల ఒప్పుకోలును నాలుగు వేల తగ్గింపు కోసం కౌంటరు మీద పెట్టి వచ్చాడు.

చెక్కుల సంగతికి వస్తే, ఇక్కడ మొహమాటం రెండువైపులా కోస్తుంది. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు చెప్పిన నాటి నుంచి 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక అతనికి 15 రోజులు. అప్పటికీ ఇవ్వకపోతే తరవాతి నెల లోపల కోర్టులో ఫిర్యాదు. ఈ మూడు అంకెలూ మీ క్యాష్ కౌంటరు దగ్గర గోడకు అంటించుకోండి. తిరిగొచ్చిన రోజున అతను ఫోన్ చేసి, "అన్నా, పది రోజులాగి మళ్లీ వెయ్యి" అంటాడు. పండగొస్తుంది, వాళ్లింట్లో ఎవరికో బాగోలేదంటాడు, మీరు ఆగుతారు. నోటీసు గడువు దాటిపోతుంది. ఫిర్యాదు ఆలస్యమైతే కారణం చూపి క్షమించమని కోర్టును అడగవచ్చు. నోటీసు ఆలస్యమైతే ఆ వెసులుబాటు లేదు. చెక్కు కాలం తీరకుండా ఉంటే మళ్లీ వేసి, మళ్లీ తిరిగొస్తే అప్పుడైనా నోటీసు ఇవ్వవచ్చు. కానీ ఇప్పుడు చెక్కు ఆయుర్దాయం మూడు నెలలే.

ఇచ్చేవైపు సంగతి ఇంకా బాధాకరం. ఫైనాన్స్ వాడి దగ్గరో, స్టాకిస్టు దగ్గరో సెక్యూరిటీ అని నాలుగైదు ఖాళీ చెక్కులు సంతకాలు చేసి ఇస్తారు. బాకీ తీరిపోయాక వాటిని తిరిగి అడగాలంటే నామోషీ. "నమ్మకం లేదా?" అంటాడేమోనని. ఖాళీ చెక్కు మీద మనస్ఫూర్తిగా సంతకం చేసి ఇచ్చాక మిగతాది ఎవరు నింపినా, అది బాకీ కోసమే ఇచ్చినట్టు కోర్టు మొదట అనుకుంటుంది, కాదని చూపించే బరువు ఇచ్చినవాడిదే. 2019లో బీర్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇది.

ఒకసారి మేజిస్ట్రేటు కోర్టు వరండాలో ఒకావిణ్ణి చూశాను. యాభై దాటి ఉంటాయి. జరీ అంచు చీర, చేతిలో స్టీలు టిఫిను డబ్బా, పేరు పిలుస్తారేమోనని తలుపు వైపే చూపు. భర్త ఉద్యోగంలో ఉండగా వ్యాపారం ఆవిడ పేరున పెట్టాడు. ఖాతా ఆవిడదే, చెక్కుబుక్కు మొత్తం ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక కూర్చుని సంతకాలు పెట్టింది. ఆ దుకాణం ఏ వీధిలో ఉందో ఆవిడకు సరిగ్గా తెలియదు. కేసులో ముద్దాయి ఆవిడే. రెండేళ్ల దాకా జైలుశిక్షకు వీలున్న కేసు. "ఎందుకు పెట్టారమ్మా సంతకాలు?" అన్నాను. "ఆయన అడిగితే ఎందుకని అడగడం ఏం బావుంటుందండీ?" అంది. అదే మాట, 1987లో విన్నదే. భార్యల పేరున ఫర్మ్‌లు నడుపుతున్నవాళ్లు ఈ సభలో ఎంతమంది ఉన్నారో చేతులెత్తమని నేను అడగను. ఇంటికెళ్లి ఆ చెక్కుబుక్కు ఎక్కడుందో మాత్రం చూడండి.

భాగస్వామ్యాలు. బావా బావమరిదీ కలిసి పెడతారు, ఇద్దరు స్నేహితులు పెడతారు. కొబ్బరికాయ కొట్టినప్పుడు పురోహితుణ్ణి పిలుస్తారు గానీ డీడ్ రాయించడానికి వకీలును పిలవరు. పిలిస్తే అపశకునం అన్నట్టు చూస్తారు. రాయించినవాళ్లలో కూడా చాలామంది రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర నమోదు చేయించరు. నమోదు తప్పనిసరి కాదు కదా అంటారు. కాదు, నిజమే. కానీ 1932 చట్టం 69వ సెక్షన్ ఏమంటుందంటే, నమోదు కాని ఫర్మ్ తన ఒప్పందం మీద బయటివాడి దగ్గర వంద రూపాయలు దాటిన బాకీకి దావా వెయ్యలేదు. వంద రూపాయలు! తొంభై ఏళ్లు దాటినా ఆ అంకెను ఎవరూ ముట్టుకోలేదు. బయటివాడు మాత్రం ఆ ఫర్మ్ మీద నిక్షేపంగా వెయ్యవచ్చు. దావా వేశాక నమోదు చేయిస్తే ఆ దావా బతకదు, తీసేసుకుని కొత్తగా వెయ్యాలి, ఆలోగా మూడేళ్లు దాటితే అంతే సంగతి.

సీనియర్ గారి దగ్గరున్నప్పుడు ఒక పొగాకు ఫర్మ్ వాళ్ల దావాలో ఇదే ఇరుకు వచ్చింది. ఫర్మ్ నమోదైంది. తండ్రి పోయాక కొడుకు వచ్చి చేరాడు. అందరూ ఎరిగిన విషయమే, బోర్డు మీద పేరు కూడా మారింది. రిజిస్టరులో మాత్రం మారలేదు. దావా వేసే భాగస్వాములందరి పేర్లూ రిజిస్టరులో ఉండాలి. "నాన్నగారు పోయి పదకొండో రోజే కాకుండా ఆయన పేరు కొట్టించడం ఏం మర్యాద అనుకున్నామండీ" అన్నాడు పినతండ్రి. ఆ పదకొండో రోజు గడిచి ఆరేళ్లయింది. ఇలాగే, భాగం వదులుకుని బయటికొచ్చినవాళ్లు చేతులు దులిపేసుకుంటే చాలదు. గెజిట్లో, ఒక తెలుగు పత్రికలో ప్రకటన వేసి, నమోదైన ఫర్మ్ అయితే రిజిస్ట్రారుకూ తెలపాలి. లేకపోతే మీరు వచ్చేశాక మీ బావ చేసిన అప్పుకు మీ ఇల్లు సమాధానం చెబుతుంది. "వీధిన పడినట్టుంటుందండీ, పేపర్లో ఎందుకు" అంటారు. అందుకే వెయ్యాలి.

షూరిటీ సంతకం గురించి ఎక్కువ చెప్పను, దెబ్బతినని కుటుంబం లేదు గనక. హామీదారు బాధ్యత అసలు బాకీదారు బాధ్యతతో సమానం. ముందు అతన్ని అడగండి, అతని ఆస్తి అమ్మండి, తరవాతే నా దగ్గరికి రండి అనే వీలు లేదని బ్యాంక్ ఆఫ్ బిహార్ కేసులో 1968లోనే తేల్చేశారు. సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు వచ్చినప్పుడు ఆ కవరు విప్పకుండా దేవుడి పటం వెనక దోపిన మనిషి నాకు తెలుసు. ఆ నోటీసుకు అభ్యంతరం రాసిస్తే బ్యాంకు 15 రోజుల్లో కారణాలతో జవాబు చెప్పాలి. స్వాధీనం చేసుకున్నాక రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు, అంటే డీఆర్‌టీకి, వెళ్లడానికి 45 రోజులుంటాయి. పటం వెనకున్న నోటీసుకు ఈ రోజులేవీ ఆగవు.

జీఎస్టీలో ఒక్కటే చెబుతాను. పోర్టల్లో నమోదైన ఫోన్ నంబరు, ఈమెయిలు ఎవరివి? చాలామందివి ఆడిటర్ గారివి, లేదా ఎప్పుడో మానేసి వెళ్లిన అకౌంట్స్ కుర్రాడివి. నోటీసు పోర్టల్లో పెడతారు, అదీ అదనపు నోటీసులన్న మూలగదిలో. సందేశం ఎవరి ఫోనుకో వెళుతుంది. మీకు తెలిసేది బ్యాంకు ఖాతా స్తంభించిన రోజున. అప్పీలుకు మూడు నెలలు, కారణం చూపితే ఇంకొక్క నెల. ఆ పైన? కాకినాడ లార్జ్ ట్యాక్స్‌పేయర్స్ యూనిట్ అసిస్టెంట్ కమిషనర్ ఒక పెద్ద కంపెనీ మీద సుప్రీంకోర్టుకు తీసుకెళ్లిన వ్యాట్ కేసులో 2020 మే నెలలో తీర్పు వచ్చింది. అప్పీలుకు చట్టం ఇచ్చిన పొడిగింపు కూడా దాటిపోయాక హైకోర్టు రిట్‌లో దాన్ని తిరగతోడకూడదని. అంత పెద్ద కంపెనీకే దారి మూసుకుంది. పాస్‌వర్డు మీ దగ్గర ఉందా అంటే, "ఆడిటర్ గార్ని అడిగితే అనుమానిస్తున్నాననుకుంటారేమో సార్" అన్నవాడు నిన్న కూడా ఒకడు వచ్చాడు.

మన జిల్లాల్లో వ్యాపారం చితికినవాడు చేసే చివరి పని ఐపీ పెట్టడం. ఐపీ పెట్టాడంటే పల్లెల్లో చదువురానివాళ్లకు కూడా అర్థమవుతుంది. 1920 నాటి దివాలా చట్టం, 500 రూపాయల అప్పుంటే చాలు తలుపు తట్టవచ్చు. అదే కంపెనీ మీద దివాలా కోడ్ కింద వెళ్లాలంటే 2020 మార్చిలో లక్ష నుంచి కోటికి పెంచారు. కోవిడ్ కాలంలో కంపెనీలను కాపాడటానికి చేసిన పనే, కాదనను. దాంతో పాతిక లక్షల బాకీ ఉన్న చిన్న సరఫరాదారు చేతిలో ఉన్న ఒక్క కర్రా పోయింది. ఈ వైపు లెక్క సరిచేసినవాడు ఇంతవరకు లేడు.

నా వృత్తి వాళ్లను కూడా ఒక మాట అనకపోతే సీనియర్ గారు ఊరుకోరు. కాగితం సరిచూడటానికి వచ్చినవాడి దగ్గర ఫీజు తీసుకోవడం మనకు నామోషీ, దావా అయితే నిక్షేపంగా తీసుకుంటాం. అందుకే కక్షిదారు చూపించుకోవాల్సిన రోజున రాడు, మునిగిన రోజున వస్తాడు. ఆయన మాత్రం చలాను పుస్తకం చూపించడానికి వచ్చినవాడి దగ్గర పది రూపాయలైనా పుచ్చుకునేవారు. "డబ్బిచ్చి తీసుకెళ్లిన మాట పాటిస్తాడోయ్" అనేవారు.

ఆయన పోయిన మూడో నెలలో బల్ల సొరుగులు సర్దడానికి వాళ్లబ్బాయి నన్ను పిలిచాడు. పాత కేసు కట్టలు, ఇంకు ఎండిపోయిన పెన్నులు, అడుగున ఒక పంచాంగం. పంచాంగంలో మడిచిన ప్రోనోటు. రాసిచ్చింది మా ఆఫీసు గుమస్తాయే, కూతురి పెళ్లప్పుడు. నలభై వేలు. ముందు వెనక్కి తిప్పాను. తెల్లగా ఉంది. తేదీ చూసి లెక్కపెట్టాను. పదకొండేళ్లు.

"వసూలవుతుందా బాబాయ్?" అన్నాడు అబ్బాయి.

గుమస్తాను పిలిచి అడిగాం. అయ్యగారు ఒక్కనాడూ ఆ మాటే ఎత్తలేదండీ అన్నాడు. నెలకింత అని ఇవ్వబోతే చూడనట్టు పేపరు ఎత్తుకునేవారట. అందుకని ఈయన ఏటా ఎండాకాలంలో నూజివీడు నుంచి బుట్టెడు రసాలు తెచ్చి వంటింటి గడప దగ్గర పెట్టి వెళ్లేవాడట. పదకొండు బుట్టలు. చెల్లు వెయ్యమని ఆయన అడగలేదు, వేస్తానని ఈయన అనలేదు.